ఒక్క కుక్కరులో పూట భోజనం: ఎసరు ఎంత, పులుపు ఎప్పుడు

పప్పు, అన్నం, నాలుగు ముక్కలు, కాస్త పులుపు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో రోజూ పొయ్యెక్కే సరుకు ఇదే. విడివిడిగా వండితే మూడు గిన్నెలు తోమాలి, గంటకు పైగా పొయ్యి దగ్గర నిలబడాలి. అన్నీ ఒకే కుక్కరులో పడితే పని సగానికి తగ్గుతుంది. కానీ చాలామందికి మొదటిసారి కుదరదు. పప్పు పలుకు మీదుంటుంది, అన్నం ముద్దవుతుంది, అడుగు మాడుతుంది. దానితో ఇక ఆ జోలికి పోరు. చాలామటుకు అక్కడ జరిగిన పొరపాటు ఒక్కటే: చింతపండు రసం ముందే పోసేశారు.

పులుపు ఆఖర్నే ఎందుకు

కందిపప్పు మెత్తబడాలంటే దాని కణాల గోడల్లో ఉన్న పెక్టిన్ అనే జిగురు పదార్థం కరగాలి. పులుపు తగిలితే పెక్టిన్ ఓ పట్టాన కరగదు. చింతపండు, టమాటా, మామిడికాయ, గోంగూర, పుల్ల మజ్జిగ, అన్నిటిదీ ఇదే గుణం. పప్పొక్కటే కాదు, బంగాళాదుంప, చేమదుంప, కంద కూడా పుల్లటి నీళ్లలో ఎంతసేపు ఉడికినా నడిమధ్య గట్టిగానే ఉంటాయి. మరి టమాటా పప్పు కుక్కరులో ఉడకడం లేదా అంటే, ఉడుకుతుంది. అక్కడ పులుపు తక్కువ, నీళ్లు ఎక్కువ, పైగా మూత లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. చిక్కటి చింతపండు రసంలో ఆ వేడి కూడా చాలదు.

పప్పు ఉడకకపోవడానికి నీళ్లు కూడా కారణమే. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే ఆ బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువని అర్థం. అదీ పెక్టిన్‌ని బిగిస్తుంది. వంటకి తాగే నీళ్లు వాడండి. వేరే దారి లేకపోతే అర గ్లాసు పప్పుకి చిటికెడు వంటసోడా వేయండి. అంతకు మించితే సబ్బు వాసన వస్తుంది.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని కూడా అంటారు. ఆ నింద ఉప్పు మీద వేయనక్కర్లేదు. పులుసు వంటల్లో ఉప్పు చివర్న వేయమనేది రుచి చూసి సరిపెట్టుకోవడం కోసం.

కుక్కరు, గ్లాసు, సెగ

ఇద్దరికైతే 3 లీటర్ల కుక్కరు, నలుగురికైతే 5 లీటర్లది. బియ్యం, పప్పు, నీళ్లు అన్నీ పడ్డాక సగం దాటకూడదు. మామూలు కూరలకి మూడింట రెండు వంతుల దాకా పర్లేదు గాని, పప్పు నురగ కట్టి విజిల్ గొట్టంలోకి ఎగదన్నుతుంది. ఎసట్లో చెంచాడు నూనె వేస్తే నురగ అణుగుతుంది. మూత పెట్టే ముందు ఆ గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూడండి. అవతలి వెలుగు కనబడకపోతే పుల్లతో పొడిచి కడగాలి. రబ్బరు రింగు సాగిపోయి పక్కల నుంచి ఆవిరి పోతుంటే ఎసరు లెక్క ఎంత సరిగ్గా ఉన్నా అడుగంటుతుంది.

బియ్యం కొలిచిన గ్లాసుతోనే నీళ్లూ కొలవాలి. కింద చెప్పే గ్లాసు 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు, అందులో బియ్యం సుమారు 170 గ్రాములు పడతాయి. చెంచా అంటే టీ చెంచా.

పాత బియ్యానికి, కొత్త బియ్యానికి ఎసరు ఒకటే పోస్తే కుదరదు. సంక్రాంతి ముందు వెనకల వచ్చే కొత్త బియ్యానికి గ్లాసుకి పావు గ్లాసు నీళ్లు తగ్గించాలి, లేదంటే జిగురు. రేషను బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేయకండి. అవి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసి, వందకి ఒకటి పాళ్లలో కలిపిన బలవర్థక గింజలు. ఉడికితే మామూలు మెతుకులతో కలిసిపోతాయి.

ఇక విజిళ్ల లెక్క. 'మూడు విజిళ్లు' అన్న మాట ఒక ఇంటికి సరిపోతే పక్కింటికి సరిపోదు. పెద్ద బర్నరు మీద ఆ మూడు విజిళ్లూ నాలుగు నిమిషాల్లో కూస్తాయి, చిన్న మంట మీద పదిహేను నిమిషాలు పడుతుంది. అందుకే మొదటి విజిల్ వచ్చేదాకా మధ్య సెగ, రాగానే సన్నసెగకి తగ్గించి అక్కణ్ణుంచి నిమిషాలు లెక్కపెట్టండి. పొయ్యి కట్టేశాక ఆవిరి తనంతట తాను దిగాలి, 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లోనే మెతుకు నీళ్లు పీల్చుకుంటుంది. తొందరపడి గరిటెతో విజిల్ ఎత్తితే పప్పు నురగ గోడంతా చిమ్ముతుంది, చెయ్యి కాలినా కాలుతుంది.

చెయ్యి తిరగడానికి పులగం

పులుపు జోలి లేని వంట కాబట్టి మొదట ఇదే చేయండి. బియ్యం ఒక గ్లాసు, పెసరపప్పు అర గ్లాసు. పొట్టు పెసరపప్పయితే రుచి ఎక్కువ. ఉత్త కుక్కరులో పప్పుని కమ్మటి వాసన వచ్చేదాకా, అంటే మూడు నిమిషాలు, వేయించండి. రంగు ఎర్రబడేదాకా ఆగితే చేదెక్కుతుంది. కడిగిన బియ్యం, 4 గ్లాసుల నీళ్లు, చెంచాన్నర ఉప్పు, అంగుళం అల్లం తరుగు వేసి మూత పెట్టి, మొదటి విజిల్ తర్వాత సన్నసెగన 6 నిమిషాలు. గట్టిగా కావాలంటే 3½ గ్లాసులు చాలు. దిగాక రెండు చెంచాల నేతిలో జీలకర్ర, చితక్కొట్టిన మిరియాలు వేయించి పైన పోయండి. పోపుకి ఇంకో గిన్నె ఎందుకు, మామూలు గుంటగరిటె చాలు.

ముక్కల పులుసన్నం

ఇది ముగ్గురు నలుగురికి కడుపునిండా సరిపోతుంది. అసలు పరీక్షంతా ఇక్కడే.

బియ్యం ఒక గ్లాసు, కందిపప్పు అర గ్లాసు. ఎర్ర గుమ్మడి ముక్కలు 150 గ్రాములు, ఆనపకాయ ముక్కలు 150 గ్రాములు, ములక్కాడ ఒకటి, ఉల్లిపాయ ఒకటి, పచ్చిమిర్చి మూడు. చింతపండు 30 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయంత. బెల్లం 20 గ్రాములు, కారం ఒక చెంచా, పసుపు పావు చెంచా, ఉప్పు రెండున్నర చెంచాలు. పోపుకి నూనె ఆరు చెంచాలు, ఆవాలు ఒక చెంచా, జీలకర్ర అర చెంచా, మెంతులు పావు చెంచా, ఎండుమిర్చి మూడు, ఇంగువ, కరివేపాకు. పోపుకి నువ్వులనూనె అయితే పులుసుకి అందం.

ముందు కందిపప్పుని వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. బియ్యం నానబెట్టొద్దు, కడిగి ఉంచితే చాలు. మామూలుగా కందిపప్పు కంటే బియ్యం ముందే ఉడికిపోతుంది, రెండూ ఒకే వేళకి అందుకోవాలంటే పప్పుకి అరగంట ముందు బయల్దేరే వీలివ్వాలి. చింతపండు కూడా ఒక గ్లాసు వేడినీళ్లలో ఇప్పుడే వేసేయండి.

పప్పు నానుతుండగానే కుక్కరులో నూనె కాచి ఆవాలు చిటపటలాడాక మెంతులు, ఎండుమిర్చి, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వరసగా వేయండి. మెంతులు ఎర్రబడాలి గాని నల్లబడకూడదు. నల్లబడితే ఆ చేదు బెల్లానికి కూడా లొంగదు, పోపు పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే నయం. వేగిన పోపులో సగం చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి. ఉడికిపోయిన పోపుకి వాసన ఉండదు కాబట్టి ఆ సగం చివర్న పైన పడాలి.

మిగిలిన పోపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి రెండు నిమిషాలు వేగాక 4½ గ్లాసుల నీళ్లు, పసుపు. మరిగాక ములక్కాడ ముక్కలు వేసి ఐదు నిమిషాలు, తర్వాత గుమ్మడి, ఆనపకాయ వేసి ఇంకో ఐదు నిమిషాలు, మూత ఊరికే వాల్చి ఉడికించండి. ముప్పాతిక వంతు ఉడికితే చాలు, చిల్లుల గరిటెతో ఒక పళ్లెంలోకి తీసేయండి. ముక్కలు ఉడికిన ఆ నీళ్లే ఇప్పుడు ఎసరు. అదే ముక్కల్ని పప్పూ బియ్యంతో కలిపి మూత బిగిస్తే గుమ్మడి కరిగి గుజ్జవుతుంది, ములక్కాడ పీచులు పీచులుగా విడిపోయి అన్నంలో పుల్లలు తగులుతాయి.

నానిన పప్పు, కడిగిన బియ్యం ఎసట్లో వేసి ఒకసారి అడుగునుంచి కలిపి మూత బిగించండి. మొదటి విజిల్ తర్వాత సన్నసెగన 8 నిమిషాలు. ఆవిరి దిగాక మూత తీసి ఒక పప్పు బద్ద వేళ్ల మధ్య నొక్కి చూడండి. మెత్తగా నలగాలి. పలుకు తగిలితే అర గ్లాసు వేడినీళ్లు పోసి మళ్లీ మూత పెట్టి ఇంకో 4 నిమిషాలు. పప్పు నలిగే వరకు చింతపండు గిన్నె ముట్టుకోవద్దు, ఒకసారి పులుపు పడితే ఆ పలుకు ఇక పోదు.

ఇప్పుడు చింతపండు పిసికి రసం పోయండి. ఉప్పు, కారం, బెల్లం, తీసి ఉంచిన ముక్కలు వేసి, మూత లేకుండా సన్నసెగన 8 నిమిషాలు ఉడకనివ్వండి. పప్పుని బిగించిన పులుపే ఇక్కడ మనకి పనికొస్తుంది: ముప్పాతిక ఉడికిన ముక్కలు పులుసులో చెదరకుండా నిలబడతాయి. ఈ ఎనిమిది నిమిషాలూ పొయ్యి వదలొద్దు. చిక్కబడిన పప్పన్నం కింద పట్టేస్తుంది, అట్లకాడతో అడుగు గీకుతూ ఉండాలి. చింతపండు పచ్చివాసన పోయిందనిపించాకే దించండి. ఆ సమయానికి పులుసన్నం గరిటెలోంచి జారాలి, గట్టిగా అనిపిస్తే అర గ్లాసు మరిగే నీళ్లు కలపండి. పది నిమిషాలు పోతే అదే చిక్కబడుతుంది. పొయ్యి మీద చిక్కగా ఉన్నది పళ్లెంలోకి వచ్చేసరికి ముద్ద కడుతుంది. దాచిన పోపు, రెండు చెంచాల నెయ్యి పైన వేసి వడ్డించండి. పక్కన గుమ్మడి వడియాలో చల్లమిరపకాయలో వేగితే ఇంకేమీ అక్కర్లేదు.

బెల్లం మానేయొచ్చా అంటే మానేయొచ్చు, కాకపోతే అప్పుడు చింతపండు కూడా 20 గ్రాములకి దించాలి. పులుసులో బెల్లం వేసేది తీపి కోసం కాదు, పులుపు అంచు మొండి చేయడానికి.

ఆవ పెట్టిన అరటికాయ అన్నం

ఆవ పెట్టడం, అంటే నూరిన ఆవముద్ద కలపడం, ఇక్కడి చేతికి కొత్త కాదు. పనసపొట్టు, కంద, అరటికాయ, పులిహోర, దేనికైనా పెడతారు. కుక్కరు అన్నంలో పెట్టినప్పుడు మాత్రం చేదొచ్చిందనో, ఘాటే లేదనో అంటుంటారు. రెండూ వేడితో వచ్చే తంటాలే.

ఆవగింజ లోపల ఘాటు తయారుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలితే, అందులో విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అప్పుడు ఘాటు పుడుతుంది. వాటిలో ఒకటి ఎంజైమ్, వేడినీళ్లు తగిలితే చచ్చిపోతుంది. అందుకని నూరేటప్పుడు వేడినీళ్లు పోస్తే చేదే మిగులుతుంది. చన్నీళ్లతో నూరినా, పొగలు కక్కే అన్నంలో కలిపితే పుట్టిన ఘాటు ఆవిరితో లేచిపోతుంది.

రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి పావుగంట చన్నీళ్లలో నానబెట్టి, అర చెంచా ఉప్పు, చిటికెడు పసుపు వేసి మెత్తగా నూరండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, జారు వేడెక్కితే ముద్ద చేదెక్కుతుంది. నూరాక పది నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే ఘాటు ఊరుతుంది.

రెండు అరటికాయలు చెక్కు తీసి ముప్పాతిక అంగుళం ముక్కలు కోసి, మజ్జిగ కలిపిన నీళ్లలో వేయండి, లేకపోతే నల్లబడతాయి. కుక్కరులో ఆరు చెంచాల నూనె, చెంచాడు శనగపప్పు, చెంచాడు మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. ముక్కలు నీళ్లు వాడ్చి వేసి మూడు నిమిషాలు వేయించండి. ఇరవై నిమిషాలు నానిన బియ్యం ఒక గ్లాసు, నీళ్లు 2 గ్లాసులు, ఉప్పు చెంచాన్నర, పసుపు. మొదటి విజిల్ తర్వాత సన్నసెగన 4 నిమిషాలే. ఆవిరి దిగాక మూత తీసి, అన్నం చిదమకుండా అంచుల నుంచి ఎత్తి ఆరనివ్వండి. చెయ్యి పెట్టి కలపగలిగినంత గోరువెచ్చగా అయ్యాక ఆవముద్ద, ఒక నిమ్మకాయ రసం కలపండి. నిమ్మ పులుపు ఘాటుని నిలబెడుతుంది కూడా. ఆవముద్ద అంతా ఒకేసారి వేసేయకండి, సగం కలిపి రుచి చూడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల వాటా ముందే తీసి పక్కన పెట్టండి. ముక్కుకెక్కాక లాభం లేదు.

ఉలవలు, సామలు

సీతంపేట, పార్వతీపురం వైపు సంతల్లో సామలు, కొర్రలు దొరుకుతాయి. ఉలవలతో కలిపి వండితే రెండు పూటలు ఆకలి వేయదు. కానీ ఈ రెండూ ఒకేసారి మూతకింద పడకూడదు, ఉలవ మెత్తబడే వేళకి సామలు గంజైపోతాయి.

అర గ్లాసు ఉలవలు రాత్రే నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, 3 గ్లాసుల కొత్త నీళ్లతో మొదటి విజిల్ తర్వాత సన్నసెగన 25 నిమిషాలు ఉడికించండి. తర్వాత ఉలవకట్టు వంచి గ్లాసుతో కొలవండి. గ్లాసు సామలకి 2½ గ్లాసుల ఎసరు కావాలి, తగ్గినంత వేడినీళ్లతో నింపండి. ఖాళీ కుక్కరులో ఉల్లి, వెల్లుల్లితో పోపు వేసి, ఉలవలు, ఎసరు, అరగంట నానిన సామలు, చెంచాన్నర ఉప్పు వేసి మూత పెట్టండి. విజిల్ తర్వాత 4 నిమిషాలు చాలు. సామల్లో సన్నటి ఇసుక ఉంటుంది, కడిగితే పోదు, గాలించాలి. కొర్రలైతే రెండు గంటలు నానాలి. పైన రెండు చెంచాల నువ్వుల పొడి చల్లండి, పులుపు కావాలంటే పళ్లెంలో నిమ్మకాయ పిండుకోండి.

రొయ్యలు వేస్తే

పచ్చి రొయ్యలకి మూడు నాలుగు నిమిషాల వేడి చాలు. అన్నంతోపాటు విజిల్ కింద పడితే రబ్బరు ఉండల్లా బిగుసుకుంటాయి. పావుకిలో రొయ్యలకి ఉప్పు, పసుపు, కారం పట్టించి ముందు కుక్కరులో రెండు నిమిషాలు వేయించి తీసేయండి. అదే నూనెలో ఉల్లి, అల్లంవెల్లుల్లి వేయించి అన్నం వండండి. మూత తీయగానే రొయ్యలు పైన పరిచి ఐదు నిమిషాలు మూత వాల్చి ఉంచితే ఆ వేడికే మగ్గుతాయి. ఎండు రొయ్యలైతే ఉత్తగా వేయించి, తలలు గిల్లి, వేడినీళ్లలో ఐదు నిమిషాలు వేసి కడగండి. వంటలో ఉప్పు సగానికి తగ్గించడం మరిచిపోవద్దు.

తేడా కొడితే

మాడు వాసన వచ్చిందంటే కలపకండి. కలిపితే అడుగునున్న చేదు అంతటా పాకుతుంది. పైనున్నది వేరే గిన్నెలోకి మెల్లగా ఎత్తేసుకోండి, అడుగు అంగుళం వదిలేయండి. మాడిన గిన్నెలో బ్రెడ్డు ముక్క పెడితే వాసన లాగేస్తుందన్నది నమ్మకమే గాని పనిచేయదు. ప్రతిసారీ ఒకే చోట మాడుతుంటే కుక్కరు అడుగు వంకరపోయి ఉంటుంది, లేదా పొయ్యి మంట ఒకవైపే తగులుతోంది. ఇండక్షన్ పొయ్యి మీద మాడుతుంటే విజిల్ రాగానే వాట్లు బాగా దించండి. ఆవిరి నిలబడడానికి పెద్ద వేడి అక్కర్లేదు.

అడుగున ఉడికి పైన పలుకుంటే నీళ్లు చల్లగా పోశారన్నమాట, లేదా బియ్యం కుప్పగా పడ్డాయి. మరిగే నీళ్లు పోసి, ఒకసారి కలిపి, బియ్యం సమంగా పరిచాకే మూత బిగించండి. ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్క వేసి తీయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఉప్పులేని అన్నమో ఉడికిన పప్పో కలిపి పరిమాణం పెంచడమే దారి.

మిగిలిపోతే

పప్పు కలిసిన అన్నం చద్దన్నానికి పనికిరాదు. ఉత్త అన్నం నీళ్లలోనో మజ్జిగలోనో రాత్రంతా ఊరితే కమ్మగా పులుస్తుంది, పులగం అలా ఉంచితే పాచిపోతుంది. ఎండాకాలం ఉక్కలో మూత బిగించిన కుక్కరు గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. అన్నంలో సూక్ష్మక్రిములు పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. కొన్ని వదిలే విషం మళ్లీ కాచినా పోదు. తిన్న గంటలోపే మిగిలింది పళ్లెంలో పలచగా పరిచి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు పావు గ్లాసు నీళ్లు చిలకరించి పొగలు వచ్చేదాకా వేడిచేయాలి. ఆవ అన్నం మాత్రం మళ్లీ వేడిచేస్తే ఘాటు పోతుంది, ఆ పూటకి సరిపడానే చేయండి.

పులుసన్నం అల్యూమినియం కుక్కరులో రాత్రంతా వదలొద్దు. పులుపు లోహాన్ని తింటుంది, గుంటలు పడతాయి. స్టీలు కుక్కరు అడుగంటితే నీళ్లు పోసి రెండు చెంచాల వంటసోడా వేసి పది నిమిషాలు మరిగిస్తే మాడు ఊడొస్తుంది. అల్యూమినియానికి సోడా పనికిరాదు, నల్లబడుతుంది. దానికి పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పి, గుప్పెడు రాళ్లుప్పు వేసి రుద్దండి.